నీలం రంగు సెలవు బటన్

పేరి సాంబమూర్తి గారు ఊటీకి ట్రైనింగుకి వెళ్ళి రాకముందు, మాణిక్యం రాసే పేజీల్ని ఈ భూప్రపంచంలో ఒక్క ప్రాణి కూడా చదివేది కాదు. ఆ రోజులెంత బంగారంలాంటివో అప్పట్లో ఆవిడకి తెలిసిరాలేదు పాపం. "ఇంత కష్టపడి రాస్తుంటే ఒక్కరూ చూడరేంటి" అని బాధపడేది కూడాను. చదివేవాళ్ళు వచ్చిపడితే ఎలా ఉంటుందో ఎవరికి మాత్రం తెలుస్తుంది?

కాకినాడలో రాష్ట్ర ప్రజోపయోగ సాఫ్ట్‌వేర్ మండలి అని ఒక ఆఫీసు. రేషన్ కార్డుల దగ్గర్నించి చేపల పడవల లైసెన్సుల దాకా సర్కారుకి కావలసిన సాఫ్ట్‌వేరంతా అక్కడే తయారవుతుంది. తయారవుతోందని చెబుతారు. తయారుచేసేవాళ్ళకి కొన్ని టూల్స్ ఉంటాయి కదా. తప్పులు దొరికితే నమోదు చెయ్యడానికి ఒకటి, సర్వర్లని కనిపెట్టుకుని ఉండటానికి ఒకటి, మీటింగు గది పట్టుకోవడానికి ఒకటి, సెలవు పెట్టుకోవడానికి ఒకటి. ఏ టూలు ఎలా వాడాలో చెప్పే సహాయ పేజీలు ఆఫీసు వెబ్‌సైట్లో ఉంటాయి. టూలు మారినప్పుడల్లా ఆ పేజీ మార్చడం మాణిక్యం ఉద్యోగం. పూర్తి పేరు మాణిక్యాంబ, సొంతూరు ద్రాక్షారామం, ఉద్యోగం కాంట్రాక్టు. పర్మనెంటు చేస్తామని ఏటా అంటున్నారు, ఈ ఏడు నిజంగానే చేసేలా ఉన్నారు.

అలాంటి వేళ ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. ఏం చెయ్యాలో తెలీక, ఎవర్నీ అడగడానికి మొహమాటపడి, అంతవరకూ ఎవరూ తెరవని సహాయ పేజీ తెరిచి చదివాడు. చదివి ఊరుకున్నా బాగుండేది, అందులో ఉన్నట్టు చేశాడు. ఎర్ర బటన్ నొక్కితే పాత ఫైళ్ళు కనబడతాయని పేజీలో ఉంది. టూలు మార్చినవాళ్ళు ఆ ముక్క మాణిక్యానికి చెప్పలేదు. ఇప్పుడు ఎర్ర బటన్ నొక్కితే పాత ఫైళ్ళు పోతాయి. జిల్లాలో ఉన్న పడవలన్నింటి లైసెన్సులూ గంగలో కలిశాయి.

పైనించి అక్షింతలు పడ్డాయి. మండలి డైరెక్టరైన సాంబమూర్తి గారిని డాక్యుమెంటేషన్ మీద ట్రైనింగుకని ఊటీ పంపారు. ఆయన అక్కణ్ణించి యూకలిప్టస్ నూనె సీసాలు, ఒక మహత్తరమైన ఆలోచన పట్టుకొచ్చారు. నూనె సీసాలు పంచిపెట్టి ఊరుకుంటే ఈ కథే లేదు.

"సోదర సోదరీమణులారా!" అన్నారు స్టాఫ్ మీటింగులో. "డాక్యుమెంటుకీ వాస్తవానికీ తేడా వచ్చినప్పుడు ఇన్నాళ్ళూ మనం ఏం చేస్తున్నాం? డాక్యుమెంటుని మారుస్తున్నాం. అంటే ఏమిటి? తప్పు చేసినవాణ్ణి వదిలిపెట్టి సాక్షిని కొడుతున్నాం! ఇకమీదట వాస్తవాన్ని సంస్కరిద్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఏసుబాబు కూడా కొట్టాడు, కొడుతూనే "దీనర్థమేంటండీ?" అని మాణిక్యాన్ని అడిగాడు. "నాకు పని తగ్గుద్దేమోనండీ" అంది మాణిక్యం, వెర్రిమాలోకం.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది. ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సహాయ పేజీలయందు వర్ణించబడినదియే యథార్థముగా పరిగణించబడును. పేజీయందు లేనిది లేనట్లుగా పరిగణించబడును. పేజీని మార్చు అధికారము ఇకమీదట పేజీ సవరణల సంఘమునకు మాత్రమే కలదు. సంతకం, వేమగిరి కామేశం, పరిపాలనాధికారి.

కామేశం గారు చెడ్డవాడు కాదు. ఒకరికి అపకారం తలపెట్టే మనిషి కాదు. రూలు చూపిస్తే చాలు, ఆయన దానికి లోబడి ఎంత దూరమైనా వెళతాడు, మనల్ని కూడా వెంటపెట్టుకుని.

మొదట్లో అంతా సజావుగానే జరిగింది. సర్వర్ ఆగిపోతే సుబ్బరాజు గారిని పిలవాలని పేజీలో ఉంది. సుబ్బరాజు గారు రిటైరై పిఠాపురంలో మామిడిమొక్కలు పెంచుకుంటున్నారు. అయినా పిలిచారు. ఆయన బస్సెక్కి వచ్చారు. పిలవాలని ఉంది గానీ వచ్చాక ఆయనేం చెయ్యాలో పేజీలో లేదు. అంచేత వచ్చినప్పుడల్లా కుర్చీలో కూచుని, టీ తాగి, మొక్కల సంగతులు చెప్పి వెళ్ళేవారు. సర్వర్ దానంతటది లేచినప్పుడు లేచేది.

తప్పులు నమోదు చేసే టూలు పేజీలో ఒక బొమ్మ ఉంది. అందులో 'ప్రస్తుతం ఉన్న తప్పులు: సున్నా' అని కనబడుతుంది, బొమ్మ తీసిన రోజున టూలు ఖాళీగా ఉంది కాబట్టి. కామేశం గారు అది చూసి, నమోదైన తప్పులన్నీ పేజీకి విరుద్ధమని ఒక్క పూటలో కొట్టేశారు. ఒక్క తప్పు కూడా లేని సంస్థ అని సాంబమూర్తి గారికి శాలువా కప్పారు. రేషన్ కార్డుల్లో మొగుళ్ళందరూ ఆడవాళ్ళుగా పడుతున్నారని జనం గోలపెడుతూనే ఉన్నారు, అది వేరే విషయం.

ఇవన్నీ చూసి మాణిక్యం నవ్వుకునేది. తన దాకా వస్తే గానీ నొప్పి తెలీదంటారు కదా.

ఆవిడకి నెలలు నిండుతున్నాయి. "ఏవే, సీమంతం అయిపోయింది, ఇంకా ఆ కంప్యూటర్ ముందు కూచుంటానంటావేంటే? పుట్టింటికి రావా?" అని వాళ్ళమ్మ రోజూ ఫోను. సెలవు పెట్టుకుని వెళ్ళిపోదామని మాణిక్యం సెలవుల టూలు తెరిచింది. ఎడంపక్కన ఆకుపచ్చ బటన్ ఉంది, సెలవు కోరండి అని. నొక్కింది. వెళ్ళి కామేశం గారికి చెప్పింది.

ఆయన పేజీ తెరిచి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కుడిపక్క పైన నీలం బటన్ అని ఉందమ్మా పేజీలో. ఆకుపచ్చ బటన్ అనేది లేదు. నువ్వు లేని బటన్ నొక్కావు. లేని బటన్ నొక్కితే వచ్చేది లేని దరఖాస్తే కదా."

"కిందటి నెల టూలు కొత్తది వేశారు కదండీ, అందులో బటన్ మారింది. ఆ పేజీ రాసిందాన్ని నేనేనండి. రెండు నిమిషాల్లో మార్చేస్తాను."

"అమ్మమ్మమ్మా! ఎంతమాట! సంఘం కూచోవాలి, తీర్మానం చెయ్యాలి."

"అప్పటిదాకా కాన్పు ఆగొద్దాండీ?" అంది మాణిక్యం పొట్టమీద చెయ్యేసుకుని. కామేశం గారు నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయనకీ ఇద్దరు కూతుళ్ళు. కానీ మంజూరు కాకుండా గైర్హాజరైతే కాంట్రాక్టు రద్దయిపోతుందని మాత్రం మెత్తగా గుర్తుచేశాడు. ఇన్నేళ్ళు చేసిన చాకిరీ, పర్మనెంటు ఆశా, అన్నీ ఆ బటన్ రంగు మీద ఉన్నాయన్నమాట.

సంఘం కూచోవాలంటే గది కావాలి. గదుల పేజీ ప్రకారం మీటింగులు రెండో అంతస్తులో గోదావరి గదిలో జరగాలి. ఆ గది పాత భవనంలో ఉంది. ఆఫీసు ఈ కొత్త భవనానికి వచ్చేసి చాలాకాలమైంది. కొత్త భవనంలో గదులు బోలెడున్నాయి గానీ పేజీలో లేవు. పేజీ మార్చాలంటే సంఘం కూచోవాలి. అంచేత నలుగురూ, అంటే అధ్యక్షుడు సాంబమూర్తి గారు, కార్యదర్శి కామేశం గారు, సాంకేతిక సలహాదారు ఏసుబాబు, ప్రత్యేక ఆహ్వానితురాలు మాణిక్యం, రెండు ఆటోలెక్కి పాత భవనానికి వెళ్ళారు.

పాత భవనాన్ని యజమాని ఫంక్షన్ హాలు చేసేశాడు. వీళ్ళు వెళ్ళేసరికి ఎవరో అమ్మాయికి ఓణీల ఫంక్షన్ జరుగుతోంది. గుమ్మంలో పన్నీరు చల్లారు. సాంబమూర్తి గారి కోటు చూసి ఆ పిల్ల తండ్రి ఎదురొచ్చాడు.

"రండి, రండి బాబూ. మీరు సామర్లకోట బాబాయి గారి తాలూకా అనుకుంటాను?"

"మేము గోదావరి గది తాలూకా," అన్నారు సాంబమూర్తి గారు గంభీరంగా.

"ఆయ్, గోదావరి జిల్లా వాళ్ళం అందరం ఒకటేనండి. పైకి పదండి, వడ్డించేస్తున్నారు."

గోదావరి గది ఉన్నచోట భోజనాల హాలు ఉంది. పంక్తిలో నాలుగు ఆకులు ఖాళీగా ఉంటే కూచున్నారు. పులిహోర వడ్డిస్తుండగా కోరం సరిపోయిందని అధ్యక్షులు ప్రకటించారు. కామేశం గారు ఎడంచేత్తో మినిట్స్ రాయబోయి, కుదరక, బూరెలు తినేదాకా వాయిదా వేశారు.

మాణిక్యం పక్కన కూచున్న పెద్దావిడ ఈవిణ్ణి ఎగాదిగా చూసింది. "ఎన్నో నెలమ్మా?"

"తొమ్మిదోది పడిందండీ."

"హవ్వ! ఇంకా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నావా? పుట్టింటివాళ్ళు తీసికెళ్ళలేదా?"

"సెలవు బటన్ రంగు మారిందండీ."

పెద్దావిడ వడ్డించేవాణ్ణి పిలిచి మాణిక్యం ఆకులో ఇంకో బూరె వేయించి, దానిమీద నెయ్యి గుమ్మరించమంది. పిచ్చిపిల్ల అనుకుని ఉంటుంది.

మజ్జిగ దగ్గర అసలు విషయానికొచ్చారు. "పేజీ ప్రకారం బటన్ నీలం," అన్నారు సాంబమూర్తి గారు. "నీలం బటన్ కొందరికి ఆకుపచ్చగా కనబడుతోందనేది ఫిర్యాదు. అట్టిచో లోపం ఎక్కడుంది? బటన్‌లోనా? చూచువారి నేత్రములందా? ఈ కోణం పరిశీలించకుండా పేజీని ముట్టుకోవడం తొందరపాటు అవుతుంది."

సిబ్బంది అందరికీ కంటి పరీక్షలు చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. తాంబూలాలు తీసుకుని, పిల్ల చేతిలో సాంబమూర్తి గారు ఒక కవరు పెట్టి, ఆటోలెక్కి వచ్చేశారు.

కంటి డాక్టరు గారొచ్చి ఆఫీసంతా పరీక్షించాడు. అందరి కళ్ళూ బావున్నాయి, ఒక్క సాంబమూర్తి గారికి శుక్లాలు వస్తున్నాయట. ఆ నివేదిక మీద చర్చించడానికి మళ్ళీ సంఘం కూచోవాలి. ఫంక్షన్ హాలు మూఢం వెళ్ళేదాకా ఖాళీగా ఉన్నా, శుభకార్యం లేందే తాళం తియ్యనన్నాడు యజమాని.

మాణిక్యం ఆ రోజు క్యాంటీన్లో కూచుని ఏడ్చేసింది. పట్టలేని కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఏసుబాబు కాసేపు చూసి, చూసి, "ఊరుకోండి మాణిక్యం గారూ," అన్నాడు. "పేజీ మార్చకూడదన్నారు. టూలు మార్చకూడదని ఎవరన్నారండీ?"

వెళ్ళి కూచున్నాడు. ఎడంపక్కన ఉన్న ఆకుపచ్చ బటన్‌ని కుడిపక్క పైకి జరిపి నీలం రంగు వేసేశాడు. టీ చల్లారే లోపల అయిపోయింది. సాంబమూర్తి గారు చూసి పులకరించిపోయారు. "చూశారా! వాస్తవం దారిలోకొచ్చింది!" అని ఊటీవాళ్ళకి ఉత్తరం కూడా రాశారు.

మాణిక్యం దేవుణ్ణి తలుచుకుని నీలం బటన్ నొక్కింది. దరఖాస్తు అందింది అని వచ్చింది. వాళ్ళమ్మకి ఫోన్ చేసి వచ్చేస్తున్నానని చెప్పింది. బీరువా తాళాలు ఏసుబాబుకి అప్పగించి, చీటీలన్నీ సర్దేసి, కామేశం గారి గదికి వెళ్ళింది.

ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "కూచోమ్మా. తర్వాత ఏం జరగాలో చూద్దామని పేజీ కిందిదాకా చదివాను."

పేజీ చివర ఒక బొమ్మ ఉంది. సెలవు తిరస్కరిస్తే తెరమీద ఎలా కనబడుతుందో చూపించడానికి పెట్టింది. ఇలాంటి బొమ్మల్లో ఇంకొకళ్ళ పేరు పెడితే "నేనెప్పుడు సెలవడిగానండీ" అని తగువుకొస్తారు. అందుకని పేజీలు రాసేవాళ్ళందరూ చేసే పనే మాణిక్యమూ చేసింది, సొంత పేరు పెట్టుకుంది. ఎర్ర అక్షరాలతో ఉంది. మాణిక్యాంబ. సెలవు. తిరస్కరించబడినది. కింద సన్నక్షరాలతో, తిరస్కరణకు గురైన ఉద్యోగి విధులలో ఉన్నట్లుగా పరిగణించబడును.

"అది ఉదాహరణ కదండీ, కామేశం గారూ!"

"సత్యానికి ఉదాహరణ కూడా సత్యమే కదమ్మా. నేనేం చెయ్యను చెప్పు? నీ సెలవు నేను కాదనలేదు. నువ్వే రాసుకున్నావు." ఆయన నిజంగానే బాధపడ్డాడు పాపం, అది ఒప్పుకోవాలి.

మాణిక్యం అక్కడే కుర్చీ పట్టుకుని కూలబడింది. బాధకి కాదు, నొప్పులకి.

కామేశం గారు కంగారుగా లేచి, పేజీలన్నింట్లోనూ నొప్పి అని వెతికాడు. ఒక్కటి దొరికింది. "నొప్పి కలిగినచో కుర్చీ ఎత్తును సరిచేసుకొనవలెను," అని పైకి చదివాడు. ఇద్దరు మనుషుల్ని పిలిచి మాణిక్యం కూచున్న కుర్చీ ఎత్తు పెంచారు. ఆవిడ కేకపెట్టింది. తగ్గించారు. ఇంకా గట్టిగా కేకపెట్టింది. మూడోసారి పెంచబోతుంటే ఏసుబాబు వచ్చి అందర్నీ తోసేసి, ఆవిణ్ణి కుర్చీతో సహా లిఫ్టు దాకా తోసుకుంటూ వెళ్ళి ఆటో ఎక్కించాడు. తల్లీ పిల్లా క్షేమం. ఆడపిల్ల.

ఆసుపత్రిలోనూ, తర్వాత ద్రాక్షారామంలో పుట్టింట్లోనూ మాణిక్యం రోజూ ఉద్యోగం పోయిందన్న కాగితం కోసం ఎదురుచూసింది. రాలేదు. నెల తిరిగేసరికి జీతం పడింది. ఏసుబాబుకి ఫోన్ చేస్తే అతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మీ సెలవు తిరస్కరించారు కదండీ. అంచేత మీరు విధుల్లో ఉన్నారు. రోజూ హాజరు పడిపోతోంది. వారానికి ఏడ్రోజులూ వస్తున్నారండి మీరు."

వాళ్ళమ్మ మొక్కు తీర్చుకోవడానికి భీమేశ్వరస్వామి గుడికెళ్ళింది. ఆఫీసు నించి ఇంకో కబురు కూడా వచ్చింది. ఒక్క సెలవూ పెట్టని ఆదర్శ ఉద్యోగినిగా గుర్తించి మాణిక్యాన్ని పర్మనెంటు చేశారు. ప్రశంసాపత్రం ఆవిడ కుర్చీలో పెట్టి ఫొటో తీశారట.

ఆరునెలలు గడిచాయి. "ఇంట్లో కూచుంటే జీతమొస్తుంటే ఎందుకే వెళ్ళడం?" అంది వాళ్ళమ్మ. కానీ మాణిక్యానికి అన్నం సయించడంలేదు. అది ఆవిడ ఉద్యోగం. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం. తన కుర్చీలో తను కూచోవాలి, తన పేజీలు తను దిద్దుకోవాలి. పైగా పని చెయ్యకుండా తీసుకునే డబ్బు ఒంటికి పడదని ఆవిడ నమ్మకం. ఒకరోజు కాజాల పెట్టె పట్టుకుని, పిల్లని ఎత్తుకుని బయల్దేరింది. అందరికీ పిల్లని చూపించి, ఆటోలో కూచున్న అమ్మకిచ్చి పంపేసి, పనిలో దిగుదామని.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. కొత్త మనిషి.

"పేరండీ?"

"మాణిక్యాంబ. డాక్యుమెంటేషన్."

అతను తెరమీద చూశాడు. "మాణిక్యాంబ గారు లోపలే ఉన్నారండి."

"నేనేనండీ మాణిక్యాంబని."

"ఆవిడ లోపలుంటే మీరెలా అవుతారండీ?" అన్నాడు మర్యాదగానే. అందులో తప్పేముంది? ఏసుబాబుని పిలవండి అంది. ఏసుబాబు బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడట. కామేశం గారికి ఫోన్ కలిపించింది.

"ఎవరండీ?" అన్నాడు కామేశం గారు.

"నేనేనండీ, మాణిక్యాన్ని. వచ్చేశాను. లోపలికి పంపమని చెప్పండి."

అటుపక్క కీబోర్డు టకటకమంది. తర్వాత, ఇన్నేళ్ళూ నువ్వు అని పిలిచిన మనిషి మీరు అన్నాడు. "మీరు లోపలికొస్తే ఇద్దరవుతారండి. మంజూరైన పోస్టు ఒక్కటే. అందులో ఆవిడ ఉన్నారు."

"ఉన్నదెవరండీ? కుర్చీ ఖాళీగా లేదూ?"

"ఆవిడ సంగతి మీకు తెలీదు. బంగారంలాంటి మనిషి. పండగలేదు, పబ్బంలేదు, ఒక్కరోజు మానరు. ఒక్క మాట ఎదురు చెప్పరు. ఆ పేజీ తప్పు, ఈ పేజీ మార్చాలి అని ఏనాడూ నా గదికి రారు. డైరెక్టరు గారు అందరికీ ఆవిణ్ణే చూపిస్తారు."

మాణిక్యానికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటినీ మింగి కోపం పైకొచ్చింది. "అయితే ఒక్క సాయం చెయ్యండి. సాయంత్రమైతే ఆవిణ్ణి ఇంటికి పంపించండి. పిల్ల తల్లికోసం చూస్తుంటుంది."

"పిల్లా?" కామేశం గారి గొంతులో నిజమైన ఆశ్చర్యం. "ఆవిడకి పిల్లలెక్కడున్నారండీ? ఒక్క సెలవు కూడా పెట్టలేదే!"

ఎండకి పిల్ల గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. గేటు దాటి, మెట్లు దాటి లోపలికి వినబడేంత గట్టిగా ఏడ్చింది.

"ఏమిటండీ ఆ ఏడుపు?" అన్నాడు కామేశం గారు ఫోనులో.

"ఏం లేదండి," అంది మాణిక్యం, పిల్లని భుజానికెత్తుకుంటూ. "పేజీలో లేనిదే."